పరీక్షకు కూర్చున్న మోకాలు

ఆ పొద్దున తాతయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, వీధి గుమ్మం ముందు కుర్చీ వేసుకోవాలి, కుడికాలు ఎత్తి ముక్కాలిపీట మీద పెట్టుకోవాలి, వచ్చేపోయేవాళ్లను పలకరించాలి. ఆ తర్వాత మంగలి దుకాణానికి వెళ్లి జుట్టు కత్తిరించుకోవాలి. అంతే. కలప డిపోలో దుంగలు కొలిచే గుమాస్తాగా పనిచేసి ఇంటికి వచ్చేసిన మనిషికి అంతకంటే పెద్ద పనులేముంటాయి?

అయినా ఆ వీధిలో తాతయ్యకున్న పరపతి డిపో మేనేజరుకు కూడా ఏనాడూ లేదు. అదంతా ఆ కుడి మోకాలి చలవ. ఎప్పుడో దుంగ మీది నుంచి జారిపడినప్పుడు దెబ్బ తిన్న మోకాలు అది. వాన వచ్చే ముందు సలుపుతుంది. సలిపిందంటే తాతయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని "వస్తోంది" అంటాడు. ఆ ఒక్క మాటకు ఎదురింటి లాండ్రీ ఆమె తీగల మీద దుప్పట్లన్నీ లాగేస్తుంది. పక్కన నిచ్చెనెక్కి గోడకు రంగు వేస్తున్న పెయింటరు కిందికి దిగి టార్పాలిన్ కప్పేస్తాడు. ఆ పెయింటరు పొద్దస్తమానం గోడవైపే తిరిగి ఉంటాడు కాబట్టి నెత్తిన ఆకాశం ఏ రంగులో ఉందో అతనికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ ఎన్నడూ పడలేదు. వాన పడితే మోకాలు చెప్పింది కాబట్టి పడింది. పడకపోతే, పక్క ఊళ్లో పడే ఉంటుందని తాతయ్య అనేవాడు, పడే ఉంటుందిలెండి అని వీధి ఒప్పుకునేది. పక్క ఊరికి వెళ్లి చూసొచ్చిన వాళ్లు మాత్రం ఎవరూ లేరు.

మనిషి ఉద్యోగం నుంచి దిగిపోయాక అతన్ని ఏదో ఒకటి అడిగేవాళ్లు ఉండాలి. ఇంట్లో ఏం వండాలో తాతయ్యను ఎవరూ అడగరు. టీవీలో ఏం పెట్టాలో అసలే అడగరు. మోకాలి మాట మాత్రం వీధి వీధంతా అడుగుతుంది. అందుకే తాతయ్య తన రెండు కళ్ల కంటే ఆ ఒక్క మోకాలినే అపురూపంగా చూసుకునేవాడు.

టీ గ్లాసు ఇంకా సగంలో ఉండగానే మనవరాలు వచ్చి ఎదురుగా నిలబడింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. మాట్లాడడం వచ్చినప్పటి నుంచీ ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతుందని ఇంట్లో అందరూ ఆ పిల్లను ఎందుకమ్మ అంటారు. తల్లీ తండ్రీ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లి దీపాలు పెట్టాక వచ్చేవాళ్లు కాబట్టి ఈ గొడవలో వాళ్లకు భాగం లేదు, వాళ్ల అదృష్టం.

ఎందుకమ్మకు బడి సెలవులు ఇచ్చారు గానీ సైన్సు మేడం ఊరికే వదల్లేదట. మీ ఇంట్లో అందరూ నమ్మే మాట ఒకటి తీసుకుని అది నిజమో కాదో శాస్త్రపద్ధతిలో తేల్చుకుని రండి అందట. ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. జవాబు ఇదై ఉంటుందని ఒక ఊహ చెయ్యాలి. ఆ ఊహను పరీక్షకు పెట్టాలి. జరిగింది జరిగినట్టు రాయాలి. చివరికి ఏం తేలిందో చెప్పాలి, మనకు నచ్చినా నచ్చకపోయినా. ఎందుకమ్మ ఎంచుకున్నది తాతయ్య మోకాలిని.

తాతయ్యకు ఛాతీ ఉప్పొంగింది. తన మోకాలి సంగతి అట్ట మీద రాసి బడి గోడకు కడతారంటే మాటలా? సన్మానం లాంటిదే కదా అనుకున్నాడు. ఏం అడిగినా చెప్తానన్నాడు. పిల్ల ఒకటే అడిగింది.

"తాతయ్యా, వాన సంగతి నీకు చెప్పేది మోకాలా, కళ్లా?"

"మోకాలే. కళ్లకేం తెలుసు?"

"అయితే కళ్లు మూసుకున్నా చెప్తుందిగా?"

"గుడ్డివాడి మోకాలైనా చెప్తుంది" అన్నాడు తాతయ్య, రెట్టించిన ఉత్సాహంతో.

అలా తన నోటితోనే ఇరుక్కుపోయాడు. మధ్యాహ్నానికల్లా ఆయన మంచం వెనక గదిలోకి మారింది. కిటికీలు మూసి, వాటి మీద దుప్పట్లు వేలాడదీశారు. రేడియో పోయింది, పేపరు పోయింది, ఫోను పోయింది. వాన చప్పుడు వినపడకూడదని చెవుల్లో దూది, దానికి తోడు ఫ్యాను గిర్రున తిరుగుతూ ఉండాలి. మట్టివాసన వస్తే వాన పడిందని తెలిసిపోతుంది కదా, అందుకని తలగడ పక్కన నొప్పుల బామ్ సీసా మూత తీసి పెట్టింది. "ఇది మోకాలికి రాయకూడదు తాతయ్యా, ముక్కుకు మాత్రమే" అని మరీ మరీ చెప్పింది. పెరట్లోకి వెళ్లాల్సి వస్తే కళ్లకు గుడ్డ కట్టి, తడి తగలకుండా కాళ్లకు చెప్పులు తొడిగి తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం వచ్చి మోకాలు సలిపిందా లేదా అని అడుగుతుంది. ఆ జవాబు అట్ట మీద ఒకవైపు, ఆకాశం జవాబు ఇంకోవైపు.

అంతటితో అయిపోలేదు. పోలిక కోసం ఇంకో మోకాలు కావాలంది. ఏ విద్యా రాని మామూలు మోకాలు. అది కూడా అప్పుడప్పుడూ సలుపుతుందేమో, ఎప్పుడెప్పుడు సలుపుతుందో, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తాతయ్య మోకాలి గొప్పతనం తేలదట. అంటూ నాయనమ్మ వైపు చూసింది.

"నాది మామూలు మోకాలా?" అంది నాయనమ్మ.

"అంటే నువ్వెప్పుడూ వాన గురించి చెప్పలేదు కదా."

"నన్నెవరడిగారు?" అని నాయనమ్మ గొణుక్కుంది గానీ, మనవరాలి మాట కాదనలేక తన మోకాలిని కూడా అట్టకెక్కించింది. ఎవరేమడిగినా వానమాట గానీ మబ్బుమాట గానీ ఎత్తనని ఒట్టు కూడా వేసింది.

మొదట్లో తాతయ్యకు ఆ గది బాగానే ఉంది. వేళకు భోజనం, వేళకు టీ, కావలసినంత నిద్ర. ఎందుకమ్మ వచ్చి అడిగినప్పుడల్లా కాలు చాపి, ముడిచి, ఒకసారి తట్టి చూసుకునేవాడు. ఏమీ లేదు. మోకాలు పసిపిల్లలా నిద్రపోతోంది. వర్షాకాలం ఈసారి ఆలస్యం కాబోలు అనుకుని, సలపలేదని రాసుకొమ్మనేవాడు. పిల్ల మొహంలో ఏమైనా తెలుస్తుందేమోనని చూసేవాడు. పిల్ల గోడకేసి చూస్తూ రాసుకునేది.

బయట జరుగుతున్నది వేరు. అవన్నీ తాతయ్యకు తర్వాత తెలిశాయి. మంచం లోపలికి వెళ్లిన మర్నాడే మబ్బు కమ్మింది. మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. నాయనమ్మ అలవాటు చొప్పున "ఏమండీ" అని గొంతెత్తిందో లేదో ఎందుకమ్మ పరుగున వచ్చి నోరు మూసింది. బట్టలు తీసుకురమ్మంటే మబ్బు పట్టిందని చెప్పినట్టే కదా అంది. నిజమే మరి. నాయనమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఈ సైన్సు కనిపెట్టినవాడి ఇంట్లో బట్టలు ఎవరు తెచ్చేవారో అని సణుక్కుంటూ తనే మేడెక్కింది. ఆ మర్నాడూ అంతే.

ఈలోగా వీధి గుమ్మం ముందు కుర్చీ ఖాళీగా ఉండడం లాండ్రీ ఆమె కళ్లబడింది. వచ్చి బాబాయిగారేరీ అని అడిగింది. ఒట్టు వేసిన నాయనమ్మ, ఏం చెప్తే ఏం బయటపడుతుందోనని భయపడి, "ఆయన్ని ఎవరూ చూడకూడదు. అంతకు మించి నన్నడక్కు" అని తలుపు దగ్గరికి వేసింది. వేస్తుంటే లోపలి నుంచి గుప్పున బామ్ వాసన. లాండ్రీ ఆమె నేరుగా వెళ్లి నిచ్చెన మీది పెయింటరుకు చెప్పింది. పెయింటరు జీవితంలో మొదటిసారి గోడ వైపు నుంచి తల తిప్పి పెరట్లోకి చూశాడు. కళ్లకు గుడ్డ, చెవుల్లో దూది, మనవరాలి చెయ్యి పట్టుకుని తడుముకుంటూ అడుగులేస్తున్న తాతయ్య.

సాయంత్రానికి వీధిలో సగం మంది ఆయనకు చూపు పోయిందన్నారు. మిగతా సగం వినికిడి కూడా పోయిందన్నారు. చీకటి గదిలో ఉంచారంటే వెలుగు తగలకూడని జబ్బేదో పట్టుకుందని అందరూ కలిసి తేల్చారు. మర్నాటి నుంచి పళ్లు పట్టుకుని పరామర్శలు మొదలయ్యాయి.

వచ్చినవాళ్లను వద్దంటే బాగుండదు. రానిస్తే పరీక్ష పాడవుతుంది. అందుకని ఎందుకమ్మ గది గుమ్మం దగ్గర కాపలా కూర్చుంది. తడిసిన గొడుగులు లాక్కుని దాచేసేది. తువ్వాలు ఇచ్చి తలలు తుడుచుకోమనేది. లోపల వాతావరణం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదని ప్రతివాళ్ల చేతా ఒట్టు పెట్టించుకునేది. ఆ మాట వింటే రోగికి ప్రమాదమేమోనని వాళ్లు బుద్ధిగా తలూపేవారు. తీరా లోపలికి వెళ్లి కూర్చున్నాక తెలిసింది, ఎండల గురించీ వానల గురించీ తీసేస్తే మనిషికి మనిషితో మాట్లాడడానికి ఏమీ మిగలదని. అందరూ తాతయ్య వైపు జాలిగా చూసి, నిట్టూర్చి, దుప్పటి సవరించి, కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయేవారు.

ఎంత ధైర్యం ఉన్నవాడికైనా రోజంతా అలాంటి చూపులు పడితే ఏమవుతుంది? తాతయ్యకు అనుమానం పుట్టింది. చీకటి గది, బామ్ వాసన, పళ్ల బుట్టలు, మాటలు మింగేసే మనుషులు. పరీక్ష మోకాలికి కాదు, తనకేదో పెద్ద జబ్బే చేసింది. నేరుగా చెప్పలేక పిల్ల చేత ఈ సైన్సు నాటకం ఆడిస్తున్నారు. అలా అనుకున్నాక ఒళ్లంతా ఎక్కడెక్కడి బాధలో వచ్చి చేరాయి, మోకాలికి తప్ప. నాయనమ్మ టీ తెచ్చినప్పుడు చెయ్యి పట్టుకున్నాడు.

"ఇదిగో, నిజం చెప్పు. ఏం దాస్తున్నారు నా దగ్గర?"

నాయనమ్మ అటూ ఇటూ చూసింది. "చెప్పకూడదండీ. పిల్ల ఒట్టు పెట్టించుకుంది."

తాతయ్య కళ్లు మూసుకున్నాడు. తన చేతిగడియారం మనవరాలికి ఇవ్వమన్నాడు. కోటు పెయింటరుకు సరిపోతుందన్నాడు. నాయనమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కోటు అతనికి పొట్టి అవుతుంది, ముందు టీ తాగండి చల్లారిపోతోంది, అంది. ఇంత నిబ్బరంగా ఉందంటే గుండె రాయి చేసుకుందన్న మాట, అని తాతయ్య ఇంకా కుంగిపోయాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం, వీధివాళ్లు నలుగురు గదిలో కూర్చుని ఉన్న వేళ, పెయింటరు లోపలికి దూసుకొచ్చాడు. కాపలా ఉన్న ఎందుకమ్మ తువ్వాలు చూపిస్తూ వెంట పడింది. పెయింటరు నెత్తి నుంచి కాళ్ల దాకా నీలిరంగు. అతని వెనకే లాండ్రీ ఆమె, చేతుల్లో ఒకప్పుడు తెల్లగా ఉండిన దుప్పట్లు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"బాబాయిగారూ, మీరు లేచి కూర్చుంటే తప్ప మేం బతకలేం" అన్నాడు పెయింటరు. "మీ మోకాలు చెప్పలేదు, నేను టార్పాలిన్ కప్పలేదు. గోడకు వేసిన రంగంతా కాలువ కట్టి ఈవిడ దుప్పట్ల మీదుగా పోయింది. రెండు పూటలు చేసిన పని."

చెవుల్లో దూది ఉన్నా కొన్ని మాటలు వినపడకుండా పోవు. తాతయ్య దూది పీకేశాడు.

"వాన పడిందా?"

గదంతా ఎందుకమ్మ వైపు చూసింది. ఒట్టు సంగతి అందరికీ అప్పుడు గుర్తొచ్చింది. పెయింటరు నీలి చేత్తో నోరు మూసుకున్నాడు. ఇక దాచి లాభం లేదని పిల్ల దుప్పటి తొలగించి కిటికీ తెరిచింది. చూరు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నిన్నా మొన్నా కూడా పడిందని, ఇంత జోరుగా మాత్రం కాదని చెప్పింది.

ఒక్క క్షణం తాతయ్యకు ప్రాణం లేచి వచ్చింది. అయితే తనకు జబ్బేమీ లేదన్న మాట, నిజంగా మోకాలి పరీక్షే. మరుక్షణం ఆ ప్రాణం మళ్లీ చతికిలబడింది. ఇన్ని వానలు పడితే మోకాలు ఒక్కసారైనా నోరు మెదపలేదే.

"నాకు తెలుసు," అంది లాండ్రీ ఆమె, దుప్పట్లతోనే కళ్లు తుడుచుకుంటూ, "బాబాయిగారికి సలిపే ఉంటుంది. పడుకునున్నారు, ఎవరితో చెప్పుకుంటారు పాపం."

ఎంత చక్కటి దారి చూపించిందో మహాతల్లి. అవునమ్మా, సలిపింది, నిద్రలో ఉన్నాను, పిల్లకు చెప్పడం మర్చిపోయాను, అంటే చాలు. కుర్చీ నిలుస్తుంది, ముక్కాలిపీట నిలుస్తుంది, మిగిలిన ఆ ఒక్క మర్యాదా నిలుస్తుంది. గదిలో అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. ఎందుకమ్మ మాత్రం పెన్సిల్ పట్టుకుని, ఏ జవాబైనా రాసుకోవడానికి సిద్ధంగా నిలబడింది.

తాతయ్య ఆ పెన్సిల్ వైపు చూశాడు. డిపోలో ఉన్నన్నాళ్లూ కొలత దగ్గర ఎవరి మొహమూ చూడని మనిషి. ఒక వేలు పొడవు కలపమని ఎందరో బతిమాలేవారు. కలిపింది లేదు.

"సలపలేదు. ఒక్కసారీ సలపలేదు. అలాగే రాసుకో తల్లీ" అన్నాడు.

పెయింటరు నేల మీద పడిన నీలిచుక్కలను కాలితో తుడుస్తూ ఇంకాస్త పెద్దవి చేశాడు. తాతయ్య కాలు ముడుచుకుని గోడవైపు తిరగబోతుంటే, అట్ట చూస్తున్న ఎందుకమ్మ గొంతు వినిపించింది.

"అదేంటి? మామూలు మోకాలు సలిపింది. వాన పడ్డ ప్రతిసారీ సలిపింది."

గది మొత్తం నాయనమ్మ వైపు తిరిగింది. ఆవిడ ఖాళీ టీ గ్లాసులు ఏరుకుంటోంది. పెయింటరు ముందుగా తేరుకుని, ముక్కాలిపీట తెచ్చి భక్తిగా ఆవిడ ముందు పెట్టాడు. లాండ్రీ ఆమె, పిన్నిగారూ ఇంత విద్య పెట్టుకుని ఇన్నాళ్లూ చెప్పలేదేం అంటూ చేతులు పట్టుకుంది.

"నా మొహం. విద్యా లేదు, పాడూ లేదు" అంది నాయనమ్మ. "మబ్బేసినప్పుడల్లా బట్టల కోసం మేడెక్కితే సలపక ఏం చేస్తుంది? ఎప్పుడూ ఆయనెక్కేవారు, ఈ మూడు రోజులూ నేనెక్కాను."

ఎందుకమ్మ పెన్సిల్ కిందపడింది. తాతయ్య దగ్గరికి వచ్చి మంచం మీద కూర్చుంది. మబ్బు పట్టడం, నాయనమ్మ కేకెయ్యడం, తాతయ్య మేడెక్కడం, బట్టలు మోసుకుని దిగడం, వచ్చి కుర్చీలో కూర్చోగానే మోకాలు సలపడం, ఆ తర్వాత వాన. ఒక్కొక్కటే అడిగింది. ఒక్కొక్కదానికీ తాతయ్య అవునన్నాడు. అంటున్నకొద్దీ ఆయన మొహంలోకి నెమ్మదిగా నవ్వు వచ్చింది. కర్ర పట్టుకుని కొలిచే పనిలో తల నెరిసిన వాడు, తన కాలి కింది మెట్లనే లెక్కలోకి తీసుకోలేదు.

"మోకాలు వానకు ముందే సలుపుతోంది కాబట్టి వాన సంగతి దానికి తెలుసనుకున్నాం తాతయ్యా. రెండిటికీ ముందున్నది మబ్బు."

"మబ్బు కాదే, మీ నాయనమ్మ" అన్నాడు తాతయ్య.

ఇక్కడితో ఆపేస్తే ఆ పిల్లను ఎందుకమ్మ అని ఎందుకంటారు? ఇది కూడా ఇంకా ఊహేనంది. తప్పు మెట్లదే అయితే మబ్బు లేకుండా ఎక్కినా సలపాలి కదా. వానలు వెలిసి ఎండ కాసేదాకా ఆగింది. ఆకాశంలో ఎంత వెతికినా తెల్లటి తునక లేని రోజు చూసి తాతయ్యను మేడెక్కించింది. చేతిలో బట్టల మూట కూడా పెట్టింది, పరీక్ష సరిగ్గా జరగాలని. ఆయన దిగి వచ్చి, వీధి గుమ్మం ముందు తన పాత కుర్చీలో కూర్చుని, కాలు ఎత్తి పెట్టుకున్నాడు. సలిపింది. హాయిగా, నిండుగా, ఎప్పటిలాగే సలిపింది. పరీక్ష నెగ్గిందన్న సంతోషంలో రెండు చేతులతో మోకాలు పట్టుకున్నాడు.

అంతే. ఎదురుగా లాండ్రీ ఆమె ఒక్క ఉదుటున తీగల మీదికి లంఘించింది. పెయింటరు నిచ్చెన సగం మెట్లు వదిలేసి దూకి టార్పాలిన్ విప్పాడు. ఆ ఇద్దర్నీ చూసి పక్కవాళ్లు కిటికీలు మూశారు. వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు. మండుటెండలో వీధి చివరిదాకా ఒక్క బట్ట లేదు, తెరిచిన తలుపు లేదు.

తాతయ్య కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. ఇది వాన నొప్పి కాదు, మెట్ల నొప్పి, ఎప్పుడూ ఇదే నొప్పి, నాకు ఏ విద్యా లేదు, అని విడమరిచి చెప్పాడు. మనవరాలు అట్ట పట్టుకుని వెంట నడిచింది. అందరూ శ్రద్ధగా విన్నారు. అంత పెద్దమనిషికి ఎంత నిగర్వం అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. టార్పాలిన్ మాత్రం ఎవరూ తియ్యలేదు.

పొద్దు వాలుతుండగా ఎక్కడి నుంచో ఒక మబ్బు వచ్చి వీధంతా కుమ్మరించి పోయింది. వాన వెలవగానే పొడి దుప్పట్లతో లాండ్రీ ఆమె, పొడి గోడ వదిలి పెయింటరు, వాళ్ల వెనక మరికొందరు తాతయ్య కుర్చీ చుట్టూ చేరి కృతజ్ఞతలు చెప్పారు. తాతయ్య కాలు ముక్కాలిపీట మీదికి సర్దుకున్నాడు. చెప్పాల్సింది చెప్పేశాడు కదా. నాయనమ్మ అందరికీ టీ పెట్టింది.

బడి తెరిచాక సైన్సు మేడం అట్టంతా చదివి చాలా మెచ్చుకుందట. ఊహ తప్పయినా దాచకుండా రాసినందుకు మరీ మెచ్చుకుందట. చివర, ఎండరోజు సలిపిన మోకాలి పక్కన వానకు గుర్తుగా వేసిన గొడుగు బొమ్మ చూసి, మరి ఇదేమిటి అని అడిగింది. అది కేవలం కాకతాళీయమనీ, అయినా ఒక్కసారి చూసి ఏదీ తేల్చకూడదు కాబట్టి మళ్లీ మళ్లీ చెయ్యాలనీ ఎందుకమ్మ చెప్పింది. మేడం సరేనంది.

శాస్త్రం ఇంకా తేల్చలేదు కాబట్టి తాతయ్య రోజూ మేడెక్కుతూనే ఉన్నాడు, దిగి వచ్చి మోకాలు పట్టుకుంటూనే ఉన్నాడు. వీధి మాత్రం టార్పాలిన్ మడతపెట్టడం మానేసింది.